చిల్లు చుట్టూ రాత

సువార్తకు లేగదూడ తోలు,
లెక్కలకు ముసలావుది.
మా మఠంలో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

ఇవాళ నా బల్ల మీద పరిచిన తోలు
మందంగా, మొండిగా ఉంది.
సున్నపు నీళ్ళలో నానినా, నెలవంక కత్తితో గీకినా
వెంట్రుకల వైపు ఇంకా కాస్త ఎరుపు.
కుడి అంచుకు బెత్తెడు లోపల
చిక్కుడుగింజంత చిల్లు.

ఆ చిల్లు నాకు తెలుసు.

ఏడేళ్ళప్పుడు, కాపలా కాస్తూ నేను కునికితే
మా ఎర్రావు దొరగారి బార్లీ చేలో పడింది.
తరిమితే కంచె దూకింది.
డొక్కలో మేకు దిగింది.
అమ్మ పందికొవ్వులో బూడిద కలిపి పూసి
గుర్తొచ్చిన పునీతులందరినీ పిలిచింది.
మానింది. మచ్చ ఉండిపోయింది.
చట్రానికి బిగించి లాగితే
పాత గాయమే ముందు తెరుచుకుంటుందని
సున్నం తిన్న వేళ్ళతో గోంబెర్ట్ ఒకసారి చెప్పాడు,
తోలు ధర చెప్పినట్టే.

నాన్న పోయిన మూడోనాడు వచ్చారు.
కమతగాడు చస్తే
కొట్టంలో మేలైన పశువు దొరది,
దాని తర్వాతది చర్చిది.
మాకున్నది ఒక్కటే ఆవు.
దొరగారి మనిషీ పాదిరీ వాకిట్లో నిలబడి
చాలాసేపు, ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు.
చివరికి
ఆవు దొరకు,
నేను దేవుడికి.

తర్వాత దొరకు కాళ్ళు వాచాయి, నరకం కలలోకొచ్చింది.
పొలాలనూ పశువులనూ
పొలాల మీది మనుషులనూ
మఠానికి రాసిచ్చి చచ్చాడు.
అలా మళ్ళీ అందరం ఒకచోట చేరాం.
ఆవు, అమ్మ, చెల్లి, నేను.

రాస్తున్నాను:
మ్యూజ్ ఏటి ఒడ్డున, మిల్లుకు అవతల, సగం కమతం.
దాని మీద తెయుత్‌బెర్గ, విధవ.
కూతురు ఒకతె, వల్‌ద్రాద.
వారానికి మూడు రోజులు మఠం పొలంలో పని.
ఉన్ని బట్ట ఒక తాను.
ఈస్టరుకు మూడు కోళ్ళు, గుడ్లు...

కొడుకు ప్రస్తావన లేదు.
లెక్క రాసేవాడు లెక్కలోకి రాడు.

లాటిన్‌లో ఇద్దరికీ ఒకటే మాట,
పొలం ఉన్నవాడికీ, సిలువ మీద ఉన్నాయనకీ.
ప్రభువు.
ఆ రెండో ఆయన ఎవరినైనా కోడి అడిగినట్టు
నాకు చదవడం వచ్చాక ఎక్కడా కనబడలేదు.
ఈ మాట పైకి అనలేదు.

నిరుడు ఒక బేహారి
కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఒకే ఒక్క ఆకు తెచ్చాడు.
ఊదారంగు తోలు, వెండి అక్షరాలు.
మఠాధిపతి ముద్దు పెట్టుకుని
రెండు ద్రాక్షతోటల ఆదాయం ఇచ్చాడు.
ఆయన అటు తిరిగినప్పుడు వెలుగుకెత్తి చూశాను.
అంత చిక్కటి రంగులో
మచ్చ దొరకలేదు.
అయినా అక్కడా, ఏదో చక్రవర్తి చేలో,
పేరు తెలియని పిల్లాడెవడో కునికే ఉంటాడు.

గుడ్లు పదిహేను.
లాటిన్ అంకెల్లో పదికొక గుర్తు, అయిదుకొక గుర్తు.
పది రాశాను.
చిల్లు వచ్చింది.

చిల్లు వస్తే కలం ఎత్తి
అవతలి ఒడ్డున దించాలి.
పదకొండేళ్ళుగా అలాగే దాటుతున్నాను,
మాట తెగకుండా, వరస వంకర పోకుండా.
ఇవాళ కలం ఎత్తాను.
చిల్లులోంచి బల్ల చెక్క కనబడుతోంది,
కాస్త జిడ్డుగా,
ఆవు కన్ను లాగా అందామనుకున్నాను, కాదు,
చెక్క లాగే ఉంది.

గంట కొట్టారు.
సిరా మీద ఊది, ఇసుక చల్లి, లేచాను.

అయిదు గుడ్లు.
వల్‌ద్రాద ఉడకేస్తుందో
పొదగేస్తుందో.

పాపం ఒప్పుకోవాలి, ఒప్పుకుంటాను.
ఇరవై ఒక్క రోజులు పోనీ.